జేబులో రోజూ ఉండే మల్టీటూల్: ఏది ఎంచుకోవాలి?

జేబులోతు (కొత్త సభ్యుడు)

అందరికీ నమస్కారం. రోజూ జేబులో ఉంచుకోవడానికి ఒక మల్టీటూల్, అంటే అనేక పనిముట్లు మడిచి పెట్టిన పరికరం, కొనాలని రెండు నెలలుగా అనుకుంటున్నాను కానీ, చదివేకొద్దీ అయోమయమే పెరుగుతున్నది. నాది బల్ల ముందు కూర్చుని చేసే ఉద్యోగం. అయినా తలుపు గడియ బిగించడం మొదలుకొని కళ్లజోడు స్క్రూ సరిచేయడం దాకా చిన్న మరమ్మతులన్నీ నేనే చేసుకుంటాను. ప్రస్తుతం మూడింటి మధ్య ఊగిసలాడుతున్నాను. ఒకటి, అమెరికా కంపెనీ లెదర్‌మన్ వారి, ప్లయర్‌తో పాటు మొత్తం 18 పనిముట్లు ఉన్న వేవ్ ప్లస్. రెండవది, స్విస్ కంపెనీ విక్టోరినాక్స్ వారి, 91 మిల్లీమీటర్ల పొడవున్న ఎర్ర పిడి మడత చాకుల్లో ఏదో ఒకటి. మూడవది, తాళాల గుత్తికి తగిలించుకునే వేలెడంత పరికరం. ఎప్పుడు ఏ అవసరం వస్తుందో తెలియదు గనుక ఎక్కువ పనిముట్లు ఉన్నదే తీసుకోవడం తెలివైన పని అని నా మనసు చెబుతున్నది. అనుభవం ఉన్నవారు నా ఆలోచన సరైనదో కాదో చెప్పగలరు.

మరచుట్టు

ముందుగా ఆ 18 అనే అంకె సంగతి చూద్దాం. తయారీదారులు పనిముట్లను లెక్కించే పద్ధతి తెలిస్తే మీ ప్రశ్నలో సగం తేలిపోతుంది. వేవ్ ప్లస్‌లో ఉన్న ఒక్క ప్లయర్ తలనే తీసుకోండి. దాని కొన సన్న ముక్కు ప్లయర్‌గా ఒక లెక్క, మధ్య భాగం మామూలు ప్లయర్‌గా ఇంకొక లెక్క, లోపలి అంచులు మెత్తని తీగ కోసేవిగా ఒకటి, గట్టి తీగ కోసేవిగా ఒకటి, వైరు కొసలకు క్లిప్పు నొక్కే గాడి మరొకటి. అంటే కదిలే భాగం ఒక్కటే అయినా ఐదు పనిముట్లయ్యాయి. పిడి మీద చెక్కిన అంగుళాల గీతలకు కూడా స్కేలు పేరుతో ఒక స్థానం ఉంటుంది. ఇది మోసమని నేను అనడం లేదు, ఆ పనులన్నీ అది నిజంగానే చేస్తుంది. కాకపోతే 18 పనిముట్లది 9 పనిముట్లదాని కంటే రెట్టింపు ఉపయోగకరం అనుకోవడం పొరపాటు.

నా సలహా ఏమిటంటే, కొనడానికి ముందు మూడు వారాలు ఒక కాగితం జేబులో పెట్టుకోండి. చేతిలో పనిముట్టు ఉంటే బాగుండునని అనిపించిన ప్రతిసారీ ఏ పనో ఒక్క ముక్కలో రాసుకోండి. కోయడమా, తిప్పడమా, పట్టి లాగడమా, గుచ్చడమా, ఎత్తడమా అన్నంత వివరం చాలు. ఊహల్లో మనందరం అడవిలో దారి తప్పి గుడారం వేసుకుంటూ ఉంటాం. కాగితం మీద మాత్రం అట్టపెట్టెల టేపు కోస్తూ కనబడతాం.

ఎర్రపిడి

మరచుట్టు గారు చెప్పిన కాగితం పని తప్పక చేయండి, కానీ ఫలితం ఏమి రాబోతున్నదో నేను ఇప్పుడే చెప్పగలను. కత్తెర, చాకు, ఒక ప్లస్ స్క్రూడ్రైవర్. బల్ల ముందు పనిచేసేవారికి ఈ మూడింటితో రోజులు గడిచిపోతాయి.

ఈ విక్టోరినాక్స్ చాకు పుట్టుకే అవసరాన్ని బట్టి జరిగింది. కార్ల్ ఎల్సెనర్ 1884లో స్విట్జర్లాండ్‌లోని ఈబాక్‌లో చాకుల కార్ఖానా పెట్టి, 1891లో స్విస్ సైన్యానికి మొదటిసారిగా సైనికుల చాకులు అందించాడు. అందులో ఉన్నవి నాలుగే: ఒక చాకు, కన్నాలు చేసే ఒక ఆరె, డబ్బా మూత తెరిచే కొక్కెం, తుపాకీ విప్పడానికి స్క్రూడ్రైవర్. సైనికుడు రోజూ చేసే పనులేమిటో చూసి పెట్టినవే తప్ప సంఖ్య కోసం పెట్టినవి కావు. ఆ చాకు బరువైనదని గమనించి, 1897లో అధికారుల కోసం తేలికైన రూపాన్ని తీసుకువచ్చాడు. వెనుక ఉన్న స్ప్రింగులే రెండు వైపులా పనిముట్లను పట్టి ఉంచే ఏర్పాటు అందులో వచ్చింది. ఇప్పుడు మీరు చూస్తున్న 91 మిల్లీమీటర్ల వరుస అంతా దాని సంతానమే.

ఒక చిన్న సంగతి చాలామందికి తెలియదు. ఈ వరుసలో డబ్బా మూత తెరిచే పనిముట్టు కొసన ఉండే సన్నని స్క్రూడ్రైవర్ మొన, మైనస్ స్క్రూలకే కాక చాలా ప్లస్ స్క్రూలకు కూడా సరిపోతుంది. కాబట్టి ప్లస్ స్క్రూడ్రైవర్ విడిగా లేని రకం తీసుకున్నా చేతులు కట్టేసినట్టు ఉండదు.

తీగమనిషి

ఎర్రపిడి గారి మాటలు బల్ల దగ్గర కూర్చున్నంతవరకు బాగానే ఉంటాయి. కానీ ప్లయర్ లేని పరికరాన్ని మల్టీటూల్ అనడానికి నాకు మనసొప్పదు. చాకు లేకపోతే తాళంచెవితో టేపు చింపవచ్చు, కత్తెర లేకపోతే పళ్లతో దారం తెంపవచ్చు, మైనస్ స్క్రూ అయితే నాణెంతోనైనా తిప్పవచ్చు. గోడలో ఇరుక్కుపోయిన తలలేని మేకును లాగడానికో, విరిగిన కుళాయి పిడి తిప్పడానికో, కాలుతున్న లోహపు ముక్కను పట్టుకోవడానికో ప్లయర్‌కు ప్రత్యామ్నాయంగా మీ ఒంటి మీద ఏదీ ఉండదు.

లెదర్‌మన్ పరికరం కూడా ఈ లోటులోంచే పుట్టింది. టిమ్ లెదర్‌మన్ 1975లో భార్యతో కలిసి ఒక పాత ఫియట్ కారులో యూరప్, మధ్యప్రాచ్యం తిరుగుతూ, కారు మొరాయించినప్పుడూ, బసచేసిన గదుల్లో గొట్టాలు కారినప్పుడూ తన జేబు చాకుతో తంటాలు పడ్డాడు. దానికి ఒక ప్లయర్ ఉంటే ఎంత బాగుండునని అప్పుడే అనుకున్నాడు. ఆ ఆలోచనకు 1980లో పేటెంటు వచ్చింది, మొదటి పరికరం 1983లో అమ్మకానికి వచ్చింది. అంటే జేబు చాకు చాలదని జేబు చాకు వాడిన మనిషే తేల్చి చెప్పాడన్నమాట.

ఇంకొక మాట, ఇది ఎవరూ దాటవేయకూడనిది. ఈ పరికరాల పిడులు ఉక్కువి. వాటికి విద్యుత్తును ఆపే తొడుగు ఉండదు. కరెంటు ఉన్న తీగను వీటితో ఎట్టి పరిస్థితుల్లోనూ తాకవద్దు. ప్లాస్టిక్ పలకలు అతికించిన పిడి చూసి కూడా ధైర్యం చేయవద్దు, ఎందుకంటే ఆ పలకల మధ్య రివెట్లు, అంచుల వెంట లోహం బయటికే ఉంటాయి. నేను రోజూ తీగలతో పనిచేసేవాడినే అయినా, జేబులో ఉన్న మల్టీటూల్‌ను మెయిన్ ఆపి, టెస్టర్‌తో సరిచూసుకున్న తరువాతే బయటికి తీస్తాను.

మరచుట్టు

తీగమనిషి గారూ, మేకు లాగడం వరకు ఒప్పుకుంటాను. అయితే ప్లయర్‌తో నట్టు విప్పే అలవాటును మాత్రం కొత్తవారికి నేర్పవద్దు. ప్లయర్ దవడలు కీలు దగ్గర కలుసుకుని కొసన విడిపోతాయి గనుక అవి ఎప్పుడూ సమాంతరంగా ఉండవు. ఆరు పలకల నట్టును పట్టినప్పుడు పలక మొత్తానికి ఆనకుండా రెండు చోట్ల అంచులకే ఆనుతాయి. బలం పెట్టగానే ఆ అంచులు అరిగి నట్టు గుండ్రమవుతుంది, ఆ పైన సరైన స్పానర్ తెచ్చినా అది జారిపోతుంది. ఇలా గుండ్రం చేసిన నట్లను విప్పడానికే నన్ను పిలిచిన రోజులు ఉన్నాయి. వాటిలో ఒకటి నేను స్వయంగా పాడుచేసుకున్నదే అని కూడా ఒప్పుకోవాలి.

రెండుచక్రాలు

సైకిలు తొక్కేవారికి ఒక్క మాట: ఈ మూడింటిలో ఏదీ మీకు పనికిరాదు. సైకిలు మీద ఎక్కువగా కావలసినవి 4, 5, 6 మిల్లీమీటర్ల ఆరుపలకల అలెన్ కీలు, డిస్కు బ్రేకు ఉంటే టి25 నక్షత్రపు బిట్టు (స్క్రూడ్రైవర్ మొన). వాటి కోసమే మడిచే పనిముట్టు విడిగా ఉంటుంది, అది తీసుకోండి.

దారిసంచి

కొనబోయే ముందు మీరు ఎక్కడెక్కడ తిరుగుతారో కూడా ఆలోచించండి. చాకు విషయంలో చట్టాలు దేశానికొక తీరుగా ఉన్నాయి, అవి ప్రధానంగా రెండు సంగతులను పట్టించుకుంటాయి: అలుగు, అంటే కోసే రేకు, పొడవు; అలుగు తెరుచుకున్నాక మూసుకుపోకుండా లాక్ అవుతుందా లేదా అన్నది. బ్రిటన్‌లో లాక్ కాని మడత చాకు, పదును అంచు 3 అంగుళాలు మించకపోతే, ప్రత్యేకమైన కారణం చూపకుండా వెంట ఉంచుకోవచ్చు. లాక్ అయ్యేదైతే ఎందుకు ఉంచుకున్నారో సరైన కారణం చెప్పవలసి వస్తుంది. జర్మనీలో 2008 నుంచి ఒంటిచేత్తో తెరుచుకుని లాక్ కూడా అయ్యే చాకులను వెంట తిప్పడం మీద ఆంక్ష ఉన్నది. మీరు చూస్తున్న వేవ్ ప్లస్ అలుగుకు ఈ రెండు గుణాలూ ఉన్నాయి. 91 మిల్లీమీటర్ల ఎర్ర పిడికి రెండూ లేవు. మీరు ఉన్న చోట నియమం ఏమిటో మీరే చూసుకోవాలి.

విమానంలో సంగతి ఇంకా కటువు. అమెరికా విమానాశ్రయాల భద్రతా సంస్థ 2013 మార్చిలో 6 సెంటీమీటర్లలోపు చిన్న చాకులను క్యాబిన్‌లోకి అనుమతిస్తామని ప్రకటించింది కానీ, విమాన సిబ్బంది సంఘాలు గట్టిగా వ్యతిరేకించడంతో అదే ఏడాది జూన్‌లో ఆ ఆలోచన విరమించుకున్నది. అక్కడ చాకు ఉన్న ఏ మల్టీటూల్ అయినా చెక్-ఇన్ సామానులో వేసి పంపవలసిందే. జేబులో ఉన్నదన్న సంగతి మరచిపోయి తనిఖీ దగ్గర నిలబడిన అనుభవం నాకు రెండుసార్లు కలిగింది, రెండుసార్లూ వస్తువు తిరిగి రాలేదు. అప్పటినుంచి ప్రయాణానికి ముందు రోజు రాత్రే తీసి చెప్పుల మీద పెడుతున్నాను.

జేబులోతు

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. కాగితం నిన్నటినుంచే జేబులో ఉన్నది. ఈలోగా ఒక సందేహం. పైన ఒకరు అలుగు లాక్ కావడం గురించి చెప్పారు. లాక్ లేని చాకు వాడటం ప్రమాదం కాదా? అలాగే ఖరీదైన రకాల్లో ఎస్‌30వి, మాగ్నాకట్ వంటి ఉక్కులు ఉంటాయట. వాటికోసం ఎక్కువ పెట్టడం అవసరమా?

సాణరాయి

రెండు ప్రశ్నలూ నా ఇష్టమైన విషయాలే గనుక కొంచెం ఎక్కువ రాస్తే మన్నించండి.

లాక్ లేని చాకులో అలుగు మడమను, అంటే కీలు వైపు చివరను, వెనుక స్ప్రింగు నొక్కి పట్టి ఉంచుతుంది. పదును వైపు నుంచి వచ్చే బలం, అంటే మామూలుగా కోసేటప్పుడు కలిగే బలం, అలుగును మరింత తెరిచే దిశలోనే ఉంటుంది గనుక అది మూసుకోదు. వెన్ను వైపు నుంచి బలం పడినప్పుడే మూసుకుంటుంది. మొనతో గుచ్చి రంధ్రం చేయబోయినప్పుడు, లేదా చీలికలో దూర్చిన అలుగును వెనక్కి పీకినప్పుడు అది జరుగుతుంది. నా చూపుడు వేలి మీద ఉన్న మచ్చ తోలు పట్టీకి అలా కన్నం చేయబోయి తెచ్చుకున్నదే. అందుకు ఆరె ఉన్నది, వాడలేదు, తప్పు నాది. కాబట్టి కోయడానికి మాత్రమే వాడితే లాక్ లేకపోవడం పెద్ద లోటు కాదు. వాడకం మీద నమ్మకం లేకపోతే లాక్ ఉన్నది తీసుకోండి.

ఇక ఉక్కు. లెదర్‌మన్ మామూలు రకాల్లో వాడే 420హెచ్‌సి ఉక్కులో క్రోమియం సుమారు 13 శాతం, కర్బనం అర శాతానికి కొంచెం తక్కువ. అది త్వరగా తుప్పు పట్టదు, పదును తగ్గినా మామూలు సాన మీద కొద్ది నిమిషాల్లో తిరిగి వస్తుంది. 2001లో వచ్చిన ఎస్‌30విలో కర్బనం దాదాపు ఒకటిన్నర శాతం, వెనేడియం 4 శాతం. ఆ వెనేడియం కర్బనంతో కలిసి చాలా గట్టి రేణువులు ఏర్పడతాయి. పదును ఎక్కువకాలం నిలవడానికి కారణం అవే. మామూలు రాయి మీద సాన పట్టేటప్పుడు విసుగు పుట్టించేవి కూడా అవే, ఎందుకంటే వాటిని అరగదీయడానికి వజ్రపు పొడి అద్దిన పలక ఉంటే తప్ప పని సాఫీగా సాగదు. అట్టపెట్టెలు పదునును చాలా త్వరగా తినేస్తాయి. వారానికి వంద పెట్టెలు కోసేవారికి ఖరీదైన ఉక్కు కలిసివస్తుంది. వారానికి నాలుగు పెట్టెలు కోసేవారికి అది కాగితం మీది గొప్ప మాత్రమే. పైగా మల్టీటూల్ చాకుతో మనం గాజుపలక మీద, స్టేపుల్ పిన్నుల మీద, ఇంకా చెప్పరాని వాటి మీద కూడా కోస్తాం. అలాంటి చోట సులువుగా సరిదిద్దుకోగల మెత్తని ఉక్కే నాకు ఇష్టం.

ఎర్రపిడి

సాణరాయి గారు న్యాయంగా చెప్పారు. అందుకే నేను అంటాను, స్విస్ చాకు ముందు ఆ అమెరికా బరువు ఎందుకూ పనికిరాదని.

తీగమనిషి

వైన్ బిరడా తీయడానికి తప్ప దేనికీ పనికిరాని చాకు గురించి ఇంత గర్వమా?

నిర్వాహకుడు

ఏ కంపెనీ గొప్పది అనే వాదం ఇక్కడితో ఆపవలసిందిగా మనవి. అడిగిన సభ్యునికి ఉపయోగపడే మాటలు మాత్రమే రాయండి.

పాతతాళం

బరువు మాట వచ్చింది గనుక అంకెలు చెబుతాను. వేవ్ ప్లస్ 241 గ్రాములు, మూసి ఉన్నప్పుడు పొడవు 10 సెంటీమీటర్లు. లెదర్‌మన్ వారిదే, అదే పొడవున్న స్కెలిటూల్ 142 గ్రాములు. వారిదే, కత్తెర ప్రధానంగా ఉన్న చిన్న మైక్రా 51 గ్రాములు. 58 మిల్లీమీటర్ల విక్టోరినాక్స్ క్లాసిక్ ఎస్‌డి సుమారు 21 గ్రాములు. మొదటి దానికీ చివరి దానికీ పదకొండు రెట్లకు పైగా తేడా. పలుచని బట్టతో కుట్టిన ప్యాంటు జేబులో 241 గ్రాములు వేస్తే నడిచిన ప్రతి అడుగుకూ తొడకు తగులుతుంది, కూర్చున్నప్పుడు అడ్డం తిరిగి పొడుస్తుంది. బెల్టుకు ఒరలో తగిలించుకుంటే ఆ బాధ ఉండదు కానీ, కార్యాలయంలో అందరూ దాన్ని చూస్తారు. చూస్తే ఏమవుతుందని కాదు, చూడగానే అడుగుతారు, అడిగిన ప్రతివారికీ మీరు స్క్రూలు బిగించి పెట్టవలసి వస్తుంది.

నేను పెద్దది కొని మొదటి రెండు నెలలు బెల్టుకు, తరువాతి రెండు నెలలు సంచిలో, ఆ తరువాత ఆరేళ్లుగా బల్ల సొరుగులో ఉంచాను. సొరుగులో ఉన్నది చాలా మంచి పరికరం, అనుమానం లేదు.

జేబులోతు

మూడు వారాలు నిండాయి. కాగితం మీద మొత్తం 31 గీతలు ఉన్నాయి. అట్టపెట్టెలు, టేపు కోయడం 11 సార్లు. దారాలు, ప్లాస్టిక్ కవర్లు, ధర చీటీలు కత్తిరించడం 9 సార్లు. స్క్రూ తిప్పడం 6 సార్లు, అందులో ప్లస్ నాలుగు, మైనస్ ఒకటి, కళ్లజోడుది ఒకటి. మూత లేదా పలక పైకెత్తడం రెండుసార్లు. గట్టిగా పట్టి లాగడం రెండుసార్లు. వేలిలో దిగిన పేడు తీయడం ఒకసారి. మరచుట్టు గారు అన్నట్టే అడవి ఎక్కడా కనబడలేదు.

ఎర్రపిడి

31లో 20 చాకు, కత్తెరలవే. నేను ఇక ఏమీ అనను.

తీగమనిషి

నిర్వాహకుల మాట మన్నించి మర్యాదగానే అడుగుతాను. లెక్క సరే, కానీ సార్లు లెక్కపెట్టడం ఒక్కటే కొలమానం కాదు. ఆ 20 సార్లలో ఎన్నిసార్లు తాళంచెవితోనో గోటితోనో పని జరిగిపోయింది? పట్టి లాగవలసిన ఆ రెండుసార్లు చేతిలో ప్లయర్ లేక ఏమి చేశారు? అరుదుగా వచ్చినా వేరే దారి లేని పనికి, తరచుగా వచ్చినా ఎలాగో గడిచిపోయే పని కంటే ఎక్కువ విలువ ఇవ్వాలన్నది నా వాదన.

మరచుట్టు

ఇది మంచి ప్రశ్న, నేను కాగితం సంగతి చెప్పినప్పుడే తట్టి ఉండవలసింది. దీనికి ఇంకొక గడి చేర్చుదాం. జేబులోతు గారూ, ఆ రెండుసార్లు మీరు ఎక్కడ ఉన్నారు? అసలైన పనిముట్ల పెట్టె మీకు ఎంత దూరంలో ఉన్నది?

జేబులోతు

రెండూ ఇంట్లోనే. ఒకటి కిటికీ చట్రంలోని పాత మేకు, రెండవది తాళంలో ఇరుక్కున్న విరిగిన తాళంచెవి ముక్క. పెట్టె పది అడుగుల దూరంలో ఉన్నది, రెండుసార్లూ అందులోని పెద్ద కటింగ్ ప్లయర్‌తోనే లాగాను. మిగిలినవి చూస్తే, కోయడం, కత్తిరించడం సగానికి పైగా ఇంటి బయట జరిగాయి. స్క్రూలలో ప్లస్‌వి మూడు కార్యాలయంలో, కళ్లజోడుది బస్సులో.

తీగమనిషి

అలాగైతే నా వాదన మీ విషయంలో నిలబడదు. పెట్టెలోని ప్లయర్‌కు పిడి పొడవు ఎక్కువ, దవడలు గట్టివి. దగ్గరలో ఉన్నప్పుడు ఏ మల్టీటూల్ కంటే అదే మేలు. నేను నిచ్చెన మీద ఉంటాను, పెట్టె కింద ఉంటుంది. మా అభిప్రాయాలు వేరు కావడానికి కారణం ఆ నిచ్చెనే అని ఇప్పుడు అర్థమవుతున్నది.

మరచుట్టు

అయితే ఇప్పుడు తేలవలసింది స్క్రూడ్రైవర్ ఒక్కటే. నా వృత్తి ఇదే గనుక దీని గురించి వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే మల్టీటూల్ కొన్నవారు తరువాత ఎక్కువగా బాధపడేది దీని విషయంలోనే.

మామూలు స్క్రూడ్రైవర్‌లో పిడి, కడ్డీ, మొన ఒకే గీతలో ఉంటాయి. మల్టీటూల్‌లో స్క్రూడ్రైవర్ పిడి చివరినుంచి తెరుచుకుంటే మొన ఒక పక్కకు జరిగి ఉంటుంది. తిప్పేటప్పుడు మణికట్టు ఒక గీతలో, స్క్రూ మరొక గీతలో తిరుగుతాయి. ఎర్ర పిడి చాకు వెన్ను మధ్యలోంచి తెరుచుకునే ప్లస్ డ్రైవర్ అయితే పిడికి అడ్డంగా నిలిచి, టి అక్షరంలా ఉంటుంది. ఇందులో బలం బాగా పెట్టవచ్చు, నిటారుగా నొక్కవచ్చు. ప్లస్ స్క్రూకు ఈ నొక్కుడు చాలా ముఖ్యం, లేకపోతే మొన గాడిలోంచి పైకి ఎగదన్ని గాడిని చెరిపేస్తుంది. కానీ స్క్రూ గోడ మూలలోనో, పెట్టె అంచు పక్కనో ఉంటే టి ఆకారపు పిడి గోడకు తగిలి పూర్తి చుట్టు తిరగదు. అర చుట్టు తిప్పి, తీసి, మళ్లీ పెట్టి, అలా కొనసాగించాలి.

లోతైన గుంటలో ఉన్న స్క్రూల సంగతి ఇంకొకటి. ప్లగ్గులు, బొమ్మలు, విద్యుత్ పరికరాల అడుగు పలకలు చూడండి, స్క్రూ తల రెండు మూడు సెంటీమీటర్ల లోపల సన్నని గొట్టంలో ఉంటుంది. మల్టీటూల్ మొన పొట్టిది, దాని వెనుక పరికరం ఒళ్లు వెడల్పైనది. మొన స్క్రూను చేరకముందే ఒళ్లు గట్టుకు ఆనుకుంటుంది. ఈ పనికి 18 పనిముట్లదైనా 8 పనిముట్లదైనా ఒకటే, రెండూ ఓడిపోతాయి.

వేవ్ ప్లస్‌లో బిట్లు మార్చుకునే వీలుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, కానీ ఆ బిట్లు బల్లపరుపుగా నొక్కిన ప్రత్యేకమైన ఆకారంలో ఉంటాయి. అంతటా దొరికే పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్ల ఆరుపలకల బిట్లు దానిలో నేరుగా కూర్చోవు. వాటికోసం విడిగా ఒక జోడింపు కడ్డీ తీసుకోవాలి. అది తీసుకుంటే లోతు సమస్య కూడా తీరుతుంది కానీ, జేబులో ఇంకొక వస్తువు చేరుతుంది. కళ్లజోడు స్క్రూకు మాత్రం వేవ్ ప్లస్‌లో చక్కని సన్న బిట్టు ఉంటుందని న్యాయంగా చెప్పాలి.

మీ కాగితంలో ఉన్న ఆరు స్క్రూలలో లోతైనవి, మూలల్లోవి ఎన్నో చూసుకోండి. ఒకటీ లేకపోతే టి ఆకారపు ప్లస్ డ్రైవర్, కత్తెర రెండూ ఉన్న 91 మిల్లీమీటర్ల రకం, అంటే సూపర్ టింకర్ వంటిది, మీకు సరిపోతుంది.

దారిసంచి

నకిలీల గురించి ఒక హెచ్చరిక. ఈ రెండు కంపెనీల పరికరాలకూ చూడటానికి అచ్చం అలాగే ఉండే నకిలీలు ఉన్నాయి. ప్రకటించిన బరువుకూ చేతిలో ఉన్నదానికీ తేడా ఉంటే, ప్లయర్ మూసి వెలుతురుకు ఎదురుగా పట్టినప్పుడు దవడల మధ్య వంకర సందు కనబడితే, పనిముట్లు తెరిచినప్పుడు ఒకదానితో ఒకటి రాసుకుంటే అనుమానించాలి. నకిలీదైతే హామీ వర్తించదు. అసలైన వాటికి లెదర్‌మన్ 25 ఏళ్ల హామీ ఇస్తుంది, విక్టోరినాక్స్ ఉక్కు, తయారీ లోపాలకు జీవితకాలపు హామీ ఇస్తుంది. అరుగుదలకూ, మొనతో డబ్బాలు ఎత్తబోయి విరగ్గొట్టుకున్న వాటికీ కాదు సుమా.

జేబులోతు

ఆరింటిలో మూలలో ఉన్నది ఒకటే, దాన్ని అర చుట్టు చొప్పున తిప్పుకోవచ్చు; లోతైనది ఒక్కటీ లేదు. సూపర్ టింకర్ తీసుకున్నాను. పెట్టెలోని ప్లయర్ పెట్టెలోనే ఉన్నది. కళ్లజోడు కోసం వేలి గోరంత స్క్రూడ్రైవర్ ఒకటి కళ్లజోడు పెట్టెలోనే వేసుకున్నాను, ఎందుకంటే ఆ అవసరం వచ్చినప్పుడు ఆ పెట్టె తప్పకుండా నా దగ్గరే ఉంటుంది.

పాతతాళం

చివరి ఏర్పాటు చాలా బాగున్నది. నేను కూడా అలాగే చేస్తాను.

జేబులోతు

నెల రోజుల తరువాత మళ్లీ వచ్చాను. పరికరం రోజూ జేబులోనే ఉంటున్నది, కాగితం మీద ఉన్న పనులన్నీ చేస్తున్నది. రెండు చిక్కులు వచ్చాయి. మొదటిది, పెద్ద అలుగు తెరవడం కొంచెం బిగుసుకున్నది, కీలు దగ్గర నూలు దుమ్ము కనబడుతున్నది. రెండవది, కత్తెర ఒకసారి కోశాక తనంతట తాను తెరుచుకోవడం లేదు. ఇవి లోపాలా, నా నిర్లక్ష్యమా?

సాణరాయి

మొదటిది జేబు చేసిన పని. జేబులోని నూలు, చెమట తేమతో కలిసి కీలులో ముద్ద కడుతుంది. గోరువెచ్చని నీటిలో ముంచి, నీటిలోనే పదిసార్లు తెరిచి మూయండి. మెత్తని పళ్ల బ్రష్షుతో సందులు తోమి, పూర్తిగా ఆరనివ్వండి. ఆరిన తరువాతే ప్రతి కీలుకూ ఒక చుక్క పలుచని మిషన్ నూనె వేసి, పైకి వచ్చినది గుడ్డతో తుడవండి. నూనె ఎక్కువైతే అదే కొత్త దుమ్మును పిలుస్తుంది. అదే చాకుతో పండు కోసే అలవాటు ఉంటే యంత్రాల నూనె బదులు తినదగిన ఖనిజ నూనె వేయండి.

రెండవది కత్తెర మధ్యలో ఉండే చిన్న స్ప్రింగు. 91 మిల్లీమీటర్ల రకాల్లో ముందుగా పోయే భాగం అదే, కానీ విడిగా దొరుకుతుంది, మార్చుకోవచ్చు. ముందు కత్తెర తెరిచి, స్ప్రింగు విరిగిందా, లేక తన స్థానంలోంచి పక్కకు తప్పుకున్నదా చూడండి. తప్పుకున్నదే అయితే సూది మొనతో వెనక్కి నెట్టితే సరిపోతుంది.

జేబులోతు

తప్పుకున్నదే. సూదితో నెట్టాను, తెరుచుకుంటున్నది. నీటిలో ముంచడం ఈ సాయంత్రం చేస్తాను.